పాత ఫ్రెంచ్ సముద్ర చిత్రాలు కొనేవాళ్లు జాగ్రత్త: సంతకం చూసి డబ్బు కట్టకండి

ఫ్రాన్స్‌లోనో, చుట్టుపక్కల దేశాల్లోనో ఉంటూ పాత పెయింటింగులు కొనే మనవాళ్ల కోసం రాస్తున్నాను. ఆన్‌లైన్‌లో ఒక డీలర్ దగ్గర ఉత్తర ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరం చిత్రం తీసుకున్నాను. సముద్రం వెనక్కి తగ్గిన వేళ, ఇసుకలో ఒరిగిన పడవలు, బుట్టలతో ఆల్చిప్పలు ఏరుతున్న ఆడవాళ్లు, సగానికి పైగా మబ్బు పట్టిన ఆకాశం. కింద మూలన యూజెన్ బూదాన్ సంతకం. ప్రకటనలోనూ ‘బూదాన్ సంతకం ఉంది’ అనే రాశాడు.

బూదాన్ (1824–1898) నార్మండీలోనే ఓన్‌ఫ్లర్ అనే ఊళ్లో పుట్టిన చిత్రకారుడు. తర్వాత పెద్ద చిత్రకారుడైన మోనేని, కుర్రాడిగా ఉన్నప్పుడు, ఆరుబయట బొమ్మలు వేయమని ప్రోత్సహించింది ఆయనే. ఆ పేరుంటే ధర ఎక్కడికో పోతుంది.

పాత చిత్రాలు బాగుచేసే నిపుణురాలికి చూపించాను. అతినీలలోహిత దీపం కింద పాత వార్నిష్ అంతా ఆకుపచ్చగా మెరిసింది. సంతకం మాత్రం దాని మీద నల్లగా తేలింది. భూతద్దంలో చూస్తే సంతకం రంగు పగుళ్లలోకి దిగి ఉంది. బొమ్మ వేసినప్పుడే సంతకం చేసుంటే బొమ్మతో పాటు అక్షరాలూ పగలాలి కదా! బొమ్మ పాతదే. పేరు తెలియని ఎవరో ఎంతో శ్రద్ధగా వేశారు. వాళ్ల కష్టం మీద ఇంకొకరి పేరు రాసి అమ్మడం డబ్బు పోయినదానికన్నా ఎక్కువ బాధగా ఉంది.

డీలర్‌ని నిలదీస్తే బిల్లు చూసుకోమన్నాడు. అందులో ‘బూదాన్ శైలిలో’ అని ఉంది. అసలు కిటుకు ఇదే. ఫ్రాన్స్‌లో 1981 మార్చి 3 నాటి డిక్రీ (ప్రభుత్వ ఉత్తర్వు) ఈ మాటలకు చట్టపరమైన అర్థం కట్టింది. ఏ షరతూ లేకుండా ఫలానావాళ్ల సంతకం ఉందంటే ఆ చిత్రకారుడే వేశాడని హామీ ఇచ్చినట్టు. ‘అత్రిబ్యుయే’ (ఫలానావాళ్లదని భావిస్తున్నది) అంటే ఆ చిత్రకారుడి కాలంలోనే వేశారనీ, ఆయనే వేసి ఉండొచ్చనడానికి గట్టి ఆధారాలున్నాయనీ మాత్రమే. ‘స్తీల్’ (శైలిలో), ‘దాన్ ల గూ’ (ఫలానావాళ్ల ధోరణిలో) అని రాస్తే చిత్రకారుడికే కాదు, కాలానికీ హామీ లేదు.

కాబట్టి ప్రకటనలో ఉన్న మాటలే బిల్లులోనూ రాస్తారా అని డబ్బు కట్టకముందే మెయిల్‌లో అడగండి. అడిగితే వివరాలతో బిల్లు ఇవ్వాల్సిందేనని ఆ డిక్రీయే చెబుతోంది. ప్రకటన స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి. నేను డబ్బు కట్టగానే అతను ప్రకటన తీసేశాడు, నేను దాచిన కాపీయే ఇప్పుడు లాయరుకి ఆధారం. కాన్వాస్ వెనకవైపు ఫొటోలు, సంతకాన్ని బాగా దగ్గరగా తీసిన ఫొటోలు పంపనంటే వదిలేయండి. యూరోపియన్ యూనియన్‌లో వ్యాపారి దగ్గర ఆన్‌లైన్‌లో కొంటే వెనక్కిచ్చేయడానికి సాధారణంగా 14 రోజుల గడువుంటుంది. బహిరంగ వేలంలోనో, మామూలు మనుషుల దగ్గరో కొంటే అది వర్తించదు. చిత్రం చేతికొచ్చిన వెంటనే నిపుణులకు చూపించండి.

ఆ డీలర్ ఇప్పుడు బ్రిటనీ తీరం చిత్రాలు పెడుతున్నాడు. వాటి మూలల్లోనూ పెద్ద పేర్లే ఉన్నాయి.