నోట్సు ఎక్కడ దాచాలి: అబ్సిడియన్, సింక్‌థింగ్‌లతో నా అనుభవం

చెన్నైలో నా నివాసం వేళచ్చేరి. పని కోట్టూర్పురంలో, అన్నా శతజయంతి గ్రంథాలయ భవనంలో ఉన్న ప్రభుత్వ ప్రాచ్య లిఖిత భాండాగారంలో. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ సేకరణలోని తెలుగు కైఫీయతులను, అంటే ఊళ్ల చరిత్రలను, చదివి, ఊరికొక నోటు చొప్పున రాసుకుంటూ వస్తున్నాను. ఇప్పటికి అవి మూడు వేలు దాటాయి. గ్రంథాలయంలో ల్యాప్‌టాప్ మీద, లోకల్ రైల్లో ఫోన్ మీద, ఇంట్లో డెస్క్‌టాప్ మీద ఈ నోట్సునే తెరుస్తాను కాబట్టి, ఏ యాప్ వాడాలన్న ప్రశ్న కంటే, ఆ యాప్ నా ఫైళ్లను ఎక్కడ పెడుతుంది, ఒక పరికరం నుంచి మరొక పరికరానికి ఎలా చేరుస్తుంది (దీన్నే సింక్ అంటారు) అన్న ప్రశ్నే నాకు ముఖ్యమైనది. ఈ సంగతి తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

మొదట వాడిన యాప్ నోట్సు అంతటినీ తన సర్వర్‌లోనే ఉంచుకునేది. దాని నుంచి బయటకు రావలసి వచ్చినప్పుడు ఎగుమతి చేసిన ఫైళ్లలో తేదీలు పోయాయి, నోట్ల మధ్య లంకెలు తెగిపోయాయి; వాటిని సరిచేయడానికి రెండు నెలలు పట్టింది. ఆ తరువాత జాప్లిన్ వాడాను. అది మంచి యాప్. డ్రాప్‌బాక్స్, వన్‌డ్రైవ్, నెక్స్ట్‌క్లౌడ్ వంటి వాటిలో మనకు నచ్చినదాన్ని ఎంచుకోనిస్తుంది, కోరితే నోట్సును ఇతరులు చదవలేని రూపంలోకి మార్చే గుప్తలేఖనం (ఎన్‌క్రిప్షన్) కూడా చేస్తుంది. అయితే పరికరంలో నోట్సు ఒక డేటాబేస్‌లో ఉంటుంది; సింక్ ఫోల్డర్‌లో ప్రతి నోటుకూ 32 అక్షరాల అర్థంలేని పేరు ఉంటుంది. ‘నెల్లూరు’ అన్న ఫోల్డర్ తెరిచి అందులోని ఫైలును ఏ ఎడిటర్‌లోనైనా చదవగలగాలన్న నా కోరిక అక్కడ తీరలేదు.

2021 జులైలో అబ్సిడియన్ అన్న నోట్సు యాప్ ఫోన్‌కూ వచ్చాక దానికి మారాను. ఇందులో ప్రతి నోటూ సాదా మార్క్‌డౌన్ ఫైలు, అంటే ఏ ఎడిటర్‌లోనైనా తెరుచుకునే మామూలు పాఠం; మొత్తం ఒక మామూలు ఫోల్డర్. రేపు ఈ యాప్ లేకపోయినా నా రాతలు నా దగ్గరే ఉంటాయి. ఆ ఫోల్డర్‌ను ఎక్కడ పెట్టాలన్నది మాత్రం మనకే వదిలేస్తుంది, తప్పటడుగు పడేది కూడా అక్కడే. నేను దాన్ని ఒక పెద్ద సంస్థవారి క్లౌడ్ డ్రైవ్‌లో పెట్టాను. స్థలం ఆదా చేసే సదుపాయం ఆన్‌లో ఉందని, అందువల్ల చాలాకాలంగా తెరవని ఫైళ్లు ల్యాప్‌టాప్‌లో పేరుకే కనిపిస్తూ అసలు సరుకు సర్వర్‌లో మాత్రమే ఉంటుందని నేను గమనించలేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను వానకు వేళచ్చేరి నీట మునిగి, కరెంటూ మొబైల్ సిగ్నలూ రోజుల తరబడి లేకపోయినప్పుడు, ల్యాప్‌టాప్‌లో ఛార్జింగ్ ఉండి కూడా నా నోట్సులో సగం తెరుచుకోలేదు. మేడ మీద కూర్చుని ఒక వ్యాసం పూర్తి చేద్దామనుకున్నవాడిని, ఖాళీ పేర్ల వంక చూస్తూ ఉండిపోయాను. ప్రతి పరికరంలోనూ పూర్తి ప్రతి ఉండి తీరాలని ఆనాడే నిశ్చయించుకున్నాను.

అప్పటి నుంచి సింక్‌థింగ్ వాడుతున్నాను. 2013లో మొదలైన ఈ ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం ఫైళ్లను మధ్యలో ఏ సర్వర్‌లోనూ దాచదు. ఒక పరికరం నుంచి మరొక పరికరానికి గుప్తలేఖనంతో నేరుగా పంపుతుంది. రెండూ ఒకే వైఫైలో ఉంటే ఇంటర్నెట్ లేకపోయినా ఒకదాన్నొకటి కనిపెట్టుకుంటాయి. గ్రంథాలయంలో నేను ఫోన్ హాట్‌స్పాట్‌కు ల్యాప్‌టాప్‌ను కలుపుతాను, రైల్లో రాసుకున్న రెండు మూడు నోట్లు క్షణాల్లో చేరిపోతాయి. అయితే ఆ కలపడం మరిచిపోయి ల్యాప్‌టాప్‌లో అదే నోటును దిద్దితే ఘర్షణ తప్పదు. అప్పుడు సింక్‌థింగ్ రెండింటిలో పాతదానికి ‘సింక్-కాన్‌ఫ్లిక్ట్’ అన్న మాటనూ తేదీనీ పేరులో చేర్చి పక్కన ఉంచుతుంది, దేనినీ పారేయదు. నెలకు ఒకటి రెండు సార్లు ఇటువంటివి చేతితో కలపవలసి వస్తోంది. అబ్సిడియన్ తన తెరల అమరికను రాసిపెట్టుకునే వర్క్‌స్పేస్ ఫైలు మాత్రం రోజంతా మారుతూనే ఉంటుంది కాబట్టి, దాన్ని సింక్‌థింగ్ పంపకుండా వదిలేసే ఇగ్నోర్ జాబితాలో చేర్చడం మొదటి రోజే చేయవలసిన పని.

తెలుగులో రాసేవారికి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది, దీన్ని గురించి ఎవరూ చెప్పగా నేను వినలేదు. లినక్స్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ ఫైలు పేరు 255 బైట్లు మించకూడదు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి యూనికోడ్ సంకేతానికి, అంటే హల్లు, గుణింతపు గుర్తు, పొల్లు వంటి ఒక్కో ముక్కకు, మూడు బైట్లు కావాలి. ‘క్ష్మి’ అన్న ఒక్క అక్షరంలోనే ఆరు సంకేతాలున్నాయి, అంటే 18 బైట్లు. కనుక మన పేర్లు 85 సంకేతాలకే ఆగిపోతాయి. విండోస్‌లో లెక్క వేరు, అక్కడ 255 సంకేతాల దాకా పడతాయి. నేను కైఫీయతుల శీర్షికలను పూర్తిగా, తాలూకా పేరుతో సహా విండోస్ ల్యాప్‌టాప్‌లో ఫైలు పేర్లుగా పెట్టుకున్నాను. వాటిలో పొడవైనవి ఫోన్‌కు ఎప్పటికీ చేరలేదు. కారణం తెలియక వారం రోజులు సెట్టింగులు మారుస్తూ గడిపాను. ఇప్పుడు ఫైలు పేరు చిన్నదిగా పెట్టి, పూర్తి శీర్షికను నోటు మొదటి వరుసలో రాస్తున్నాను. ప్రశ్నార్థకాన్నీ (?), కోలన్‌నూ (:) విండోస్ ఫైలు పేర్లలో ఒప్పుకోదు కాబట్టి వాటినీ మానుకున్నాను.

ఇంకొక చిత్రం ఐత్వానిది. ‘చెన్నై’లోని ఐత్వాన్ని యూనికోడ్‌లో ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వమూ ఐత్వపు గుర్తూ కలిపి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. కంటికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కు వేరు. ఒక మిత్రుడి పాత కంప్యూటర్ నుంచి తెచ్చుకున్న ఫైళ్లలో రెండో రూపం ఉండడంతో ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు కనిపించి కంగారుపడ్డాను. సింక్‌థింగ్ మామూలుగా పేర్లను ఒకే రూపానికి తెచ్చుకుంటుంది, ఆ సెట్టింగును కదపకండి.

బైట్ల బరువుకు మాత్రం భయపడనక్కరలేదు. మూడు వేల పైచిలుకు నోట్ల పాఠమంతా కలిపి 30 మెగాబైట్లకు లోపే ఉంది. బరువంతా పీడీఎఫ్‌లదే, వాటిని వేరే ఫోల్డర్‌లో ఉంచి ఫోన్‌కు పంపడం మానేశాను. ఫోన్ బ్యాటరీ ఆదా పేరుతో సింక్‌థింగ్‌ను నిద్రపుచ్చకుండా దానికి మినహాయింపు ఇవ్వడం తప్పనిసరి. అధికారిక ఆండ్రాయిడ్ యాప్ 2024 డిసెంబరుతో ఆగిపోయింది. సింక్‌థింగ్-ఫోర్క్ అన్న దానికి మారాను, అది చక్కగా పనిచేస్తోంది.

సింక్ అన్నది బ్యాకప్ కాదు. 2024లో ఒక సాయంత్రం ఫోన్‌లో పొరపాటున ‘కడప’ ఫోల్డర్‌ను తొలగించాను. నిమిషం తిరగకుండా అది ల్యాప్‌టాప్‌లోనూ డెస్క్‌టాప్‌లోనూ మాయమైంది. డెస్క్‌టాప్‌లో పాత ప్రతులు దాచే వెర్షనింగ్‌ను ముందే ఆన్ చేసి ఉండడం వల్ల 400 నోట్లు తిరిగి దక్కాయి. ఆ వెర్షనింగ్ ఇతర పరికరాల నుంచి వచ్చిన మార్పులకు మాత్రమే పాత ప్రతి దాస్తుంది. అదే పని డెస్క్‌టాప్‌లోనే చేసి ఉంటే అక్కడ ఏమీ మిగిలేది కాదు. ఇప్పుడు ప్రతి ఆదివారం మొత్తం ఫోల్డర్‌ను ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, డిస్క్ తీసి పక్కన పెడుతున్నాను.

ఐఫోన్ ఉన్నవారికి నా పద్ధతిని సిఫారసు చేయను, సింక్‌థింగ్‌కు అక్కడ అధికారిక యాప్ లేదు. నా చెల్లెలి దగ్గర ఐఫోన్ ఉంది కాబట్టి డబ్బు కట్టి, అబ్సిడియన్ వారి సొంత సేవ అయిన అబ్సిడియన్ సింక్ తీసుకోమన్నాను. అది ఇంటర్నెట్ మీద ఆధారపడినా పరికరంలో పూర్తి ప్రతి ఉంచుతుంది, పాత రూపాలనూ కొంతకాలం దాస్తుంది. అదే ఫోల్డర్‌ను మరో క్లౌడ్ సేవతో కూడా సింక్ చేయకూడదని, రెండూ ఒకే ఫైలు మీద పడితే నోట్లు పాడవుతాయని ఆమెకు వివరంగా చెప్పాను. గుప్తలేఖనం పాస్‌వర్డ్ మరిచిపోతే సర్వర్‌లోని ప్రతిని ఆ సంస్థవారు కూడా తెరిచి ఇవ్వలేరు. అందుకని ఆమె దాన్ని కాగితం మీద రాసి, బీరువాలో ఇంటి పత్రాలతో కలిపి పెట్టింది.