లాకు తలుపుల మీద నడక, ఆ నడిమి సందు

మా ఇల్లు కొమ్మమూరు కాలువకి ఇవతల. పాల కేంద్రం, గుంటూరు బస్సు ఆగే చోటు రెండూ అవతల. రోడ్డు వంతెన దాకా చుట్టు తిరిగే ఓపిక లేక, కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ లాకు మీదే దాటుతున్నాను. లాకంటే పడవల్ని ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి దాటించడానికి కాలువకి అడ్డంగా తలుపులు పెట్టి కట్టిన కట్టడం. తలుపుల నెత్తిన పరిచిన పలకలే మాకు వంతెన. పడవల కాలంలో తలుపులు తీసినప్పుడల్లా అదీ రెండుగా విడిపోయేదట. 2008లో ఈ కాలువను 4వ జాతీయ జలమార్గంలో కలిపారు గానీ, మా లాకులోకి పడవ రాగా నేనైతే చూడలేదు.

నా కోపమంతా రెండు రెక్కలూ కలిసే చోట ఉండే సందు మీద. పంటకాలంలో అది ఉన్నట్టే తెలియదు. రెక్కలు ఎగువకి మొనదేలి ఒకదానికొకటి ఆనుకుంటాయి, ఎగువ నీటి బరువే వాటిని బిగించేస్తుంది. ఎండాకాలం కాలువ కట్టేశారా, బిగువు పోయి సందు నోరు తెరుస్తుంది. అందులోంచి ఎన్ని చెప్పులు బురదలో పడ్డాయో!

ఒక ఏడాది మరమ్మతులకి వచ్చినవాళ్లు ఒక రెక్కను సగం తెరిచి అలాగే వదిలేసి పోయారు. ఇక పాల క్యానుతో రోజూ చుట్టుదారే. జూన్‌లో నీళ్లు వదులుతారనగా, కాలువనీ లాకునీ చూసుకునే లస్కర్‌ని నిలదీశాను. "దాన్ని మనం మూసేదేంటమ్మాయ్, నీళ్లు రానీ" అన్నాడు. తప్పించుకుంటున్నాడనుకున్నా. నీళ్లొచ్చిన రోజు పని మానుకుని మరీ కట్ట మీద నిలబడ్డాను. ముందు తుక్కూ గుర్రపుడెక్కా కొట్టుకొచ్చాయి. మట్టం పెరిగేకొద్దీ అంత బరువు తలుపూ మెల్లగా కదిలింది. ఆయన వెదురు గడతో కాస్త అదిలించాడంతే, ధన్‌మని వెళ్లి రెండోదాన్ని ఆనుకుంది. సందు మాయం! ఆ సాయంత్రమే పని లేకపోయినా అటూ ఇటూ దాటి వచ్చాను.

ఇంతకన్నా మంచి దారి లేదని మా ఆడపడుచుకి చెప్పిన మాట నిజమే. అయితే అది కార్తీకం, కాలువ నిండుగా, పలకలు పొడిగా ఉన్న రోజు. వానల్లో పాకుడు పడుతుంది. పట్టుకోవడానికి గొట్టం ఒక పక్కే ఉంది. మా తోటికోడలు సైకిలు నడిపించుకుంటూ కూడా ఇటు రాదు, ఆమెను తప్పుపట్టలేను. చీకటి పడ్డాక పిల్లల్ని నేనూ పంపను.

నాది చిన్న క్యాను కాబట్టి సరిపోతోంది. గడ్డిమోపులు, బస్తాలు మోసేవాళ్లకి రోడ్డు వంతెనే మేలు. మే నెలలో మాత్రం నేను కూడా చెప్పులు చేత్తో పట్టుకునే దాటుతున్నాను.