డిడక్షన్ మేలా, క్రెడిట్ మేలా? నాకు ఒకటి, తమ్ముడికి ఇంకొకటి

పోయిన డిసెంబరులో టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, ఆరు వేలు బోనస్ ఇస్తామంటున్నారు. అది కలిస్తే మేం ఇన్‌కమ్ ట్యాక్స్‌లో 22 శాతం స్లాబ్‌లోకి పోతాం. జనవరి తర్వాత ఇవ్వమని అడగనా? మొత్తం జీతానికి 22 శాతం పడితే బోనస్ తీసుకుని నష్టపోయినట్టే కదా" అన్నాడు. వాడు పదేళ్లుగా అమెరికాలో ఉంటున్నాడు, ఏటా టంచనుగా ట్యాక్స్ రిటర్న్ ఫైల్ చేస్తాడు. అయినా ఈ భయం మాత్రం పోలేదు.

మా ఊళ్లో పొలానికి నీళ్లు పెట్టడం వాడూ చూశాడు కాబట్టి అదే చెప్పాను. పై మడి నిండాక గట్టు దాటిన నీళ్లే కింది మడికి పోతాయి. పై మడిలో ఉన్న నీళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి. ఫెడరల్ పన్ను స్లాబ్‌లూ అంతే. 2025కి కలిపి ఫైల్ చేసే భార్యాభర్తలకు మొదట 31,500 డాలర్లు స్టాండర్డ్ డిడక్షన్, దాని మీద పన్నే లేదు. ఆ తర్వాత 23,850 దాకా 10 శాతం, 96,950 దాకా 12 శాతం, 206,700 దాకా 22 శాతం. ఆ తర్వాత 24, 32, 35, 37 శాతం మడులు ఉన్నాయి కానీ వాటి గొడవ మనకు ఇప్పుడెందుకు.

తమ్ముడూ మరదలూ కలిసి సంపాదించేది 125,000. స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే 93,500. అంటే 12 శాతం మడి నిండడానికి ఇంకా 3,450 పడుతుంది. ఆరు వేల బోనస్‌లో అంతవరకూ 12 శాతమే, మిగిలిన 2,550 మీద మాత్రమే 22. మొత్తం 975 డాలర్లు. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ (ముసలితనంలో పింఛనుకీ వైద్యానికీ జీతంలోంచి కోసేవి) కింద ఇంకో 459 పోయినా 4,566 మిగులుతుంది. పే స్లిప్‌లో బోనస్ మీద ఏకంగా 22 శాతం కోసి ఉంటే కంగారుపడక్కర్లేదు. కంపెనీలు మామూలుగా బోనస్‌కు ఆ రేటునే ముందుగా పట్టుకుంటాయి. ఫైల్ చేసినప్పుడు అసలు లెక్క తేలి ఎక్కువ పట్టుకున్నది వెనక్కొస్తుంది.

నేనుండేది న్యూజెర్సీలో, ఎడిసన్. మా ఇద్దరి సంపాదన 150,000. స్టాండర్డ్ డిడక్షన్ తీసుకుంటే పన్ను 15,898, అంటే సంపాదన మొత్తం మీద 10.6 శాతం. అయినా ఎవరైనా అడిగితే "22 శాతం స్లాబ్" అంటాను. ఆ 22 నా చివరి డాలర్ల రేటు. డిడక్షన్ కోసేది ఆ చివరి డాలర్లనే కాబట్టి, డిడక్షన్ విలువ తేల్చేదీ ఆ రేటే.

ఇక అసలు పోలిక. డిడక్షన్ ఆదాయాన్ని తగ్గిస్తుంది, క్రెడిట్ పన్నునే తగ్గిస్తుంది. 2,200 డాలర్ల డిడక్షన్ దొరికితే నాకు మిగిలేది 484, తమ్ముడికి (బోనస్ లేని మామూలు ఏడాదిలో) 264. అదే 2,200 క్రెడిట్ అయితే ఇద్దరికీ 2,200 మిగిలినట్టే. 2025లో 17 ఏళ్ల లోపు పిల్లలు ఒక్కొక్కరికి వచ్చే చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్ కూడా సరిగ్గా 2,200. మాకు ఇద్దరు పిల్లలు, 15,898లోంచి 4,400 అలా ఎగిరిపోతుంది. క్రెడిట్లలోనూ రెండు రకాలున్నాయి. కొన్ని పన్ను సున్నా అయ్యేదాకా పనికొచ్చి అక్కడ ఆగిపోతాయి. కొన్ని రీఫండబుల్, అంటే పన్ను లేకపోయినా కొంత చేతికిస్తారు. చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్‌లో అలా వచ్చేది 1,700 దాకా. పిల్లలకు సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండాలి. ఐటిన్ (ఆ నంబరు రానివాళ్లకు పన్ను కోసం ఇచ్చే నంబరు) మాత్రమే ఉన్న పిల్లలకు 500తో సరి. అందుకే ఒకే ఇంట్లో ఇక్కడ పుట్టిన చిన్నదానికి 2,200, హైదరాబాద్‌లో పుట్టి హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగి భార్యాపిల్లలకిచ్చే వీసా) మీద వచ్చిన పెద్దవాడికి 500 వచ్చిన లెక్కలు మనవాళ్లలో కొల్లలు. ఇండియాలో ఉండే అమ్మానాన్నలకు నెలనెలా డబ్బు పంపుతున్నాం కదా, వాళ్లను డిపెండెంట్లుగా, అంటే మన మీద ఆధారపడ్డవాళ్లుగా చూపొచ్చా అని కూడా అడుగుతారు. కుదరదు. వాళ్లు కెనడాలోనో మెక్సికోలోనో ఉంటే దారి ఉండేది!

రీఫండబుల్ అన్న మాట వింటే నాకు నా మొదటి రిటర్న్ గుర్తొస్తుంది. ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా మీద వచ్చిన రెండో ఏడు. మా అపార్ట్‌మెంట్లో ఒక సీనియర్ అందరికీ సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ చేసి పెట్టేవాడు. చదువు క్రెడిట్ కింద 1,000 డాలర్లు వెనక్కొచ్చాయని పండగ చేసుకున్నాం. స్టూడెంట్ వీసా మీద మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు మనం పన్ను లెక్కల్లో నాన్ రెసిడెంట్లం, వేయాల్సింది వాళ్ల ఫారం 1040-ఎన్ఆర్, ఆ క్రెడిట్ మనకు రాదు అని నాకు తెలిసింది మూడేళ్ల తర్వాత. సవరించిన రిటర్న్ వేసి, తీసుకున్నది వడ్డీతో సహా కట్టాను. దానికి బదులు మనవాళ్లకు వేరే వరం ఉంది. నాన్ రెసిడెంట్లకు మామూలుగా స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు. కానీ 1989 భారత్–అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం వల్ల ఇండియా నుంచి వచ్చిన విద్యార్థులకు ఉంది. ఓపీటీ (చదువయ్యాక అదే వీసా మీద చేసుకునే ఉద్యోగం) మీద ఏడాదికి 40,000 వచ్చే పిల్లకో పిల్లాడికో 2025లో 15,750 అలా మినహాయింపు పోతుంది. పన్ను 4,561 నుంచి 2,671కి దిగుతుంది. అంటే దొంగ క్రెడిట్ ఇచ్చే వెయ్యి కంటే న్యాయంగా వచ్చే డిడక్షనే ఎక్కువ. సీనియర్‌కు అది తెలియదు, మాకూ తెలియదు.

ఇక స్టాండర్డా, ఐటమైజా (చెల్లే ఖర్చులన్నీ ఒక్కొక్కటిగా రాసి చూపడం)? చాలామందికి స్టాండర్డే మేలు, ఆలోచించే పని కూడా లేదు. నాదీ 2024 దాకా అదే కథ. మా ప్రాపర్టీ ట్యాక్స్ 13,000, న్యూజెర్సీ పన్ను దాదాపు 6,000, ఇంటి లోన్ వడ్డీ 14,000, గుడికీ మిగతావాటికీ కలిపి 1,500. కాగితం మీద 34,500 కనిపిస్తున్నా రాష్ట్ర, స్థానిక పన్నులకు 10,000 పరిమితి ఉండేది కాబట్టి అప్పట్లో లెక్కకొచ్చేది 25,500. స్టాండర్డ్ 29,200. ఇంకేముంది, రసీదులన్నీ డ్రాయర్లోనే. 2025 జులైలో వచ్చిన చట్టం ఆ పరిమితిని 40,000కు పెంచింది (ఏడాదికి ఐదు లక్షలు దాటి సంపాదించేవాళ్లకు అది మళ్లీ తగ్గుతూ పోతుంది). దాంతో ఈసారి నా 34,500 మొత్తం లెక్కకొచ్చింది. స్టాండర్డ్ కంటే 3,000 ఎక్కువ. 22 శాతం చొప్పున 660 డాలర్లు మిగిలాయి. 34,500 అన్న అంకె చూసి మురిసిపోకూడదు, మనకు పనికొచ్చేది 31,500 దాటిన ముక్కే.

ఈ ముక్క దగ్గరే తమ్ముణ్ని ఒక ఇళ్ల ఏజెంటు బుట్టలో వేయబోయాడు. "అద్దె కట్టి ఏం లాభం సార్, ఇల్లు కొంటే వడ్డీ అంతా ట్యాక్స్‌లో వెనక్కొచ్చేస్తుంది" అన్నాడట. ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. 350,000 లోన్, ఆరున్నర శాతం వడ్డీ. మొదటి ఏడాది వడ్డీ 22,600. ప్రాపర్టీ ట్యాక్స్ 8,000. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయ పన్ను లేదు, దాని బదులు సేల్స్ ట్యాక్స్ చూపించుకోవచ్చు, ఓ 1,500 అనుకుందాం. మొత్తం 32,100. స్టాండర్డ్ కంటే 600 ఎక్కువ. వాడి స్లాబ్ 12 శాతం. ఏడాదికి 72 డాలర్లు! ఇల్లు కొనుక్కోవడానికి సవాలక్ష కారణాలు ఉండొచ్చు, పన్ను మాత్రం వాటిలో లేదు. కనీసం వాడికి లేదు.

విరాళాల సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను. పిట్స్‌బర్గ్ వెంకన్న గుడికిచ్చిన చెక్కు చెల్లుతుంది, తిరుమల హుండీలో వేసింది ఇక్కడ చెల్లదు. పుణ్యం ఒకటే అయినా ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) దృష్టిలో తేడా ఉంది. 2026 నుంచి స్టాండర్డ్ తీసుకునే దంపతులు కూడా ఇక్కడి సంస్థలకిచ్చిన డబ్బు 2,000 దాకా అదనంగా చూపొచ్చు.

401-కే (కంపెనీ ద్వారా రిటైర్మెంట్‌కు దాచుకునే ఖాతా)లో ట్రెడిషనలా, రాత్‌నా అన్నదానికీ ఇదే చివరి స్లాబ్ లెక్క. 12 శాతంలో ఉన్నప్పుడు పన్ను ఇప్పుడే కట్టేసి రాత్‌లో వేసుకోవడం మంచిది, 24 దాటాక ట్రెడిషనల్, అంటే పన్ను తర్వాత డబ్బు తీసేటప్పుడు కట్టేది. 22లో ఉన్న నేను సగం సగం వేస్తున్నాను. అది లెక్క కాదు, పిరికితనం.

ఇప్పటిదాకా చదివినవాళ్లు క్రెడిట్టే ఎప్పుడూ మేలని అనుకుంటారు. నేనూ అనుకున్నాను, డేకేర్ బిల్లు వచ్చేదాకా. భార్యాభర్తలిద్దరూ పనిచేస్తూ 13 ఏళ్ల లోపు పిల్లల్ని డేకేర్‌లో వేస్తే రెండు దారులు ఉన్నాయి. ఒకటి డిపెండెంట్ కేర్ ఎఫ్ఎస్ఏ, కంపెనీ ద్వారా డేకేర్ ఖర్చుకు పెట్టుకునే ఖాతా. జీతంలోంచి ముందే కోసి పక్కన పెడతారు, దాని మీద ఇన్‌కమ్ ట్యాక్స్ పడదు, 7.65 శాతం సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కూడా పడదు. రెండోది డేకేర్ క్రెడిట్. ఒకే ఖర్చును రెండింటిలో చూపకూడదు. క్రెడిట్ లెక్కకు తీసుకునే ఖర్చు ఒకరికి 3,000, ఇద్దరికో అంతకంటే ఎక్కువమందికో 6,000. ఎఫ్ఎస్ఏలో పెట్టిన ప్రతి డాలరూ ఆ పరిమితిలోంచి పోతుంది.

2025లో ఎఫ్ఎస్ఏ గరిష్ఠం 5,000. నాకు దాని మీద మిగిలింది 22, 7.65 కలిపి 29.65 శాతం, అంటే 1,482. డేకేర్‌కు వెళ్లేది మా చిన్నది ఒక్కతే. క్రెడిట్ తీసుకుని ఉంటే 3,000 మీద 20 శాతం, 600 డాలర్లు. డిడక్షన్ లాంటి ఎఫ్ఎస్ఏ ముందు క్రెడిట్ తేలిపోయింది. 2026కి రెండూ మారాయి. ఎఫ్ఎస్ఏ 7,500 అయింది (మీ కంపెనీ కూడా పెంచిందో లేదో కనుక్కోండి). క్రెడిట్ శాతం కూడా పెరిగింది. జంట ఆదాయం 150,000 దాకా కనీసం 35 శాతం వస్తుంది, అది దాటాక మెల్లగా 20కి దిగుతుంది. ఈ ఏడాది మా రెండిళ్ల లెక్క ఇదీ:

| | నేను (22 శాతం, డేకేర్‌లో ఒకరు) | తమ్ముడు (12 శాతం, ఇద్దరు) |
|---|---|---|
| ఎఫ్ఎస్ఏ 7,500 | 2,224 | 1,474 |
| క్రెడిట్ 35 శాతం | 1,050 | 2,100 |

నవంబరులో బెనిఫిట్స్ ఎంచుకునేటప్పుడు నేను 7,500 పెట్టాను. వాడినీ పెట్టమని చెప్పబోయి, ఈ లెక్క వేశాక ఆగిపోయాను. వాడు ఎఫ్ఎస్ఏలో పెట్టే ఒక్కో డాలరుకూ 19.65 సెంట్లు మిగిలి, 35 సెంట్ల క్రెడిట్ పోతుంది. పైగా ఎఫ్ఎస్ఏలో పెట్టి ఖర్చు చేయకపోతే ఆ డబ్బు పోయినట్టే. మనవాళ్లకు అదో చిక్కు. వేసవిలో అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చి ఆరు నెలలు మనవల్ని చూసుకుంటారు, డేకేర్ ఆపేస్తాం, ఎఫ్ఎస్ఏలో డబ్బు ఉండిపోతుంది. క్రెడిట్‌కు ఆ బాధ లేదు, ఎంత ఖర్చయితే అంత చూపడమే. భార్య హెచ్-4 మీద పని లేకుండా ఇంట్లో ఉంటే మాత్రం రెండు దారులూ మూసుకున్నట్టే. ఫుల్ టైం చదువుకుంటుంటే మినహాయింపు ఉంది.

కాబట్టి తమ్ముడికి క్రెడిట్. అంతా కుదిరిందనుకుంటే వాడు కొత్త సంగతి బయటపెట్టాడు. పిల్లలు వెళ్లేది బోర్డున్న డేకేర్ కాదు, పక్క వీధిలో ఒక తెలుగు ఆంటీ ఇల్లు. పప్పన్నం పెడతారు, తెలుగు మాట్లాడతారు, డబ్బు నగదే. క్రెడిట్ కావాలంటే 2441 ఫారంలో చూసుకునేవాళ్ల సోషల్ సెక్యూరిటీ నంబరో, ట్యాక్స్ నంబరో రాయాలి. ఎఫ్ఎస్ఏకీ అంతే. అడిగితే ఆవిడ, "నంబరు వద్దులే బాబూ, నెలకు వంద తగ్గించుకో" అన్నారట.

వంద చొప్పున పన్నెండు నెలలకు 1,200. ఐఆర్ఎస్ ఇచ్చేది 2,100. డబ్ల్యూ-10 అనే ఫారం ఉంది, నంబరు అడగడానికి ఇచ్చేది, ఆవిడ కాదన్నా నువ్వు అడిగినట్టు రుజువు చూపి క్రెడిట్ తీసుకోవచ్చు అని చెప్పాను. "అప్పుడు ఐఆర్ఎస్ వాళ్లు ఆంటీని అడగరా అన్నా?" అన్నాడు. అడగొచ్చన్నాను. ప్రింటు తీసి వారమైంది. ఇంకా కారు డాష్‌బోర్డు మీదే ఉందట.