టీబీతో అయోర్టా ఉబ్బితే స్టెంట్ మేలా, ఓపెన్ సర్జరీ మేలా?

టీబీ అంటే ఊపిరితిత్తులే అనుకుంటాం గానీ, వెన్నుపూసలోనో లింఫ్ గ్రంథుల్లోనో ఉన్న ఇన్ఫెక్షన్ మెల్లగా పాకి పక్కనే ఆనుకుని ఉన్న అయోర్టా (గుండె నుంచి ఒంటికంతటికీ రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని) గోడని తినేస్తే అక్కడ రక్తంతో సంచిలా ఉబ్బుతుంది. దీన్ని మైకోటిక్ ఎన్యూరిజం అంటారు, మైకోటిక్ అన్న మాటకి ఫంగస్ అనే అర్థమున్నా ఫంగస్‌తో సంబంధమేం లేదు, 1885లో డాక్టర్ విలియం ఆస్లర్ పెట్టిన పేరు అలా ఉండిపోయింది. ఇది సైజు కొలుచుకుంటూ ఆగే రకం కాదు, చిన్నగా ఉన్నా పగలొచ్చు, అందుకే మందులు మాత్రమే వాడి చూద్దాం అనే దారిని నేను లెక్కలోకే తీసుకోను.

ఓపెన్ సర్జరీలో పాడైన గోడ, చుట్టూ ఉన్న చీము అంతా తీసేసి గ్రాఫ్ట్ (ఆ ముక్క బదులు పెట్టే గొట్టం) కుడతారు. శుభ్రం చెయ్యడంలో దీనికి సాటి లేదు. కానీ అయోర్టాకి క్లాంప్ వేసి కాసేపు రక్తం ఆపాలి, రక్తం బాగా పోతుంది, అసలే టీబీతో చిక్కిపోయిన మనిషి ఇదంతా తట్టుకోవాలి.

స్టెంట్ గ్రాఫ్ట్ (లోహపు జాలీకి పొర తొడిగిన గొట్టం) అయితే గజ్జల దగ్గర ధమనిలోంచి పైకి పంపి లోపలే విప్పుతారు, ఛాతీ గానీ పొట్ట గానీ కొయ్యక్కర్లేదు, రక్తం కారుతూ వచ్చిన పేషెంట్‌కి ఇది ప్రాణం నిలబెడుతుంది. ఇబ్బందల్లా ఇన్ఫెక్షన్ అక్కడే ఉండిపోతుంది, దాని మధ్యలో మనం ఇంకో వస్తువు పెట్టాం. ఇంకోటి చాలామందికి తట్టదు, ఓపెన్‌లో టెస్టుకి ముక్క దొరుకుతుంది, స్టెంట్‌లో దొరకదు, మరి ఏ మందు పనిచేస్తుందో తెలిసేదెలా? పక్కన చీముగడ్డ ఉంటే స్కాన్‌లో చూస్తూ సూదితో తీసి పంపాలి, కల్చర్‌కి (క్రిమిని పెంచి చూసే టెస్టుకి) వారాలు పడుతుంది గానీ టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కి క్రిమి లొంగుతుందా లేదా (రెసిస్టెన్స్) అన్న సంగతి జీన్ టెస్టులో గంటల్లోనే తెలుస్తుంది. రెసిస్టెన్స్ ఉండి మామూలు మందులే వాడితే స్టెంట్ చుట్టూ టీబీ పెరుగుతూనే ఉంటుంది.

ఊపిరితిత్తి లోపలి ధమని ఉబ్బి దగ్గులో రక్తం పడితే మాత్రం పెద్ద చర్చ లేదు, వీలైతే ముందు కాయిల్‌తో (సన్నని లోహపు తీగ చుట్టతో) మూసేయడమే.

అయోర్టా విషయంలో నా ఓటు, మనిషి నీరసంగా ఉన్నా, సంచి పగిలేలా ఉన్నా స్టెంట్‌కే, చీము ఉంటే ట్యూబ్‌తో తీసేసి, టీబీ మందులు 6 నెలలకి ఆపకుండా చాలాసార్లు 9 నుంచి 12 నెలలు వాడాల్సి వస్తుందని ముందే చెప్పి. వయసు తక్కువై, ఒంట్లో ఓపికుండి, చీము బాగా పట్టేసి ఉంటే ఓపెనే. స్టెంట్ పెట్టాక జ్వరం మళ్లీ తిరగబెట్టినా, సీటీలో సంచి పెరిగినా ఇంక ఆగకూడదు, అప్పుడు కోసి తీయడం గురించే మాట్లాడాలి.