రోజ్‌మాంట్ నాణేల ప్రదర్శన: వెండి డాలర్ రకాలు వెతికేవాళ్లకు ఎంతవరకు పనికొస్తుంది?

అమెరికాలో నాణేల ప్రదర్శనలకు కొదవ లేదు. వాటిలో అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ నడిపే 'వరల్డ్స్ ఫెయిర్ ఆఫ్ మనీ'కి ఉన్న పేరు వేరు. 1891లో షికాగోలో పుట్టిన సంఘం అది. 2024 ఆగస్టులో ఆ ప్రదర్శన షికాగో పక్కనే ఉన్న రోజ్‌మాంట్‌లో, డోనాల్డ్ ఇ. స్టీఫెన్స్ కన్వెన్షన్ సెంటర్‌లో మంగళవారం నుంచి శనివారం దాకా జరిగింది. ఇండియానాపోలిస్ నుంచి కారులో వెళ్లొచ్చాను. నేను సేకరించేది మోర్గాన్, పీస్ వెండి డాలర్లలో వచ్చే 'వ్యామ్' రకాలు. కాబట్టి ఇక్కడ రాసే మంచి చెడ్డలన్నీ ఆ అవసరానికి తగ్గట్టే ఉంటాయి. బంగారు నాణేలు, పాత నోట్లు సేకరించేవాళ్లకు లెక్క వేరుగా ఉండొచ్చు.

వ్యామ్ అంటే తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. లెరాయ్ వాన్ అలెన్, జార్జ్ మాలిస్ అనే ఇద్దరు ఈ డాలర్లను ఏ అచ్చుల జతతో కొట్టారో చూసి, ప్రతి జతకూ ఒక నంబరు ఇస్తూ వర్గీకరించారు. వాళ్ల ఇంటిపేర్ల మొదటి అక్షరాలే వ్యామ్. మోర్గాన్ డాలర్లను 1878 నుంచి 1904 వరకు, మళ్లీ 1921లో కొట్టారు. ఒకే ఏడాది, ఒకే టంకశాల నాణేల్లో కూడా పదుల కొద్దీ అచ్చులు వాడారు. ఒకదాంట్లో అంకె రెండుసార్లు పడింది, ఇంకోదాంట్లో టంకశాల గుర్తు పక్కకు ఒరిగింది, మరోదాంట్లో అచ్చు పగిలి ముఖం మీద గీత లేచింది. మన దగ్గర విక్టోరియా 1862 రూపాయిని సేకరించేవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఆ తేదీతోనే ఏళ్ల తరబడి రూపాయలు కొట్టారు కాబట్టి, వెనక వైపు చుక్కలు లెక్కపెట్టి, రాణి బొమ్మలో తేడాలు చూసి రకాలు విడదీస్తారు కదా, ఇదీ అలాంటి పనే.

ఇండియానాపోలిస్ నుంచి ఐ-65 మీద ఉత్తరానికి వెళ్లి, ఐ-294 టోల్ రోడ్డు ఎక్కితే నేరుగా రోజ్‌మాంట్. టోల్ కట్టే ఈజీపాస్ ట్యాగ్ ఇక్కడా పనిచేస్తుంది. షికాగోలో టైము ఒక గంట వెనక కాబట్టి పొద్దున్నే బయల్దేరితే తలుపులు తెరిచే వేళకు అందుకోవచ్చు. విమానంలో వచ్చేవాళ్లకు ఇంకా సుఖం. ఓహేర్ విమానాశ్రయం నుంచి బ్లూ లైన్ రైల్లో ఒక్కటే స్టేషను, అక్కడి నుంచి నడక. వెండి డాలర్లు బ్యాగులో పెట్టుకుని టాక్సీల కోసం రోడ్డు మీద నిలబడే టెన్షన్ ఉండదు.

బస విషయంలో నా అభిప్రాయం గట్టిది. డబ్బు ఎక్కువైనా సరే, కన్వెన్షన్ సెంటర్‌కు స్కైబ్రిడ్జితో కలిసిన హోటల్లోనే దిగాలి. హయత్ రీజెన్సీ ఓహేర్‌తో పాటు ఇంకొన్ని హోటళ్లకు ఆ వసతి ఉంది. అంతకుముందు ఒకసారి తక్కువ ధర చూసి కొన్ని మైళ్ల దూరంలో ఉన్న హోటల్లో దిగాను. షటిల్ ఉందన్నారు, అది వచ్చేసరికి సగం పొద్దు ఎక్కింది. సాయంత్రం కొన్న నాణేలతో చీకట్లో పార్కింగ్ దాకా నడవాల్సి వచ్చింది. రకాలు వెతికే పనిలో కళ్లే పెట్టుబడి. నాలుగు గంటలు లూప్‌తో, అంటే చిన్న భూతద్దంతో చూశాక గదికి వెళ్లి అరగంట పడుకుని, మళ్లీ హాల్లోకి దిగగలగాలి. గదికీ హాలుకీ మధ్య రోడ్డు లేకపోతేనే అది కుదురుతుంది. ఆ తేడా కోసం రాత్రికి ఎక్కువ ఇచ్చినా నాకు బాధ లేదు.

హాల్లోకి అడుగు పెడితే మొదట కళ్లు తిరుగుతాయి. వందల కొద్దీ టేబుళ్లు, గాజు పెట్టెలు, వాటి మీద దీపాలు. అసోసియేషన్ సభ్యత్వం ఉంటే ప్రవేశ రుసుము లేదు, కాబట్టి ఏటా వెళ్లేవాళ్లు సభ్యులుగా చేరడమే మంచిది. ఒక పక్క అమెరికా టంకశాల స్టాలు, దాని ముందు పొడవాటి క్యూ. ఇంకో పక్క సభ్యులు సొంతంగా అమర్చిన పోటీ ప్రదర్శనలు. చాలామంది వీటిని దాటుకుని అమ్మకాల వైపు పరుగెడతారు కానీ నాకు అవి హాలు మొత్తంలో అన్నిటికన్నా శ్రద్ధగా చేసిన పని అనిపిస్తుంది. ఒక్కో గాజు పెట్టె వెనక ఏళ్ల చదువు ఉంటుంది. అమ్మేదేమీ లేదు, నేర్పడానికే పెడతారు.

వ్యామ్‌ల కోసం వచ్చినవాళ్లు హాల్లో ముందు వరుసల్లో టైము పెట్టకూడదు. అక్కడ ఉండేవన్నీ పెద్ద డీలర్లవి, ప్లాస్టిక్ స్లాబుల్లో మూసిన నాణేలు. రకం నంబరు లేబుల్ మీదే ఉంటుంది, ధర దానికి తగ్గట్టే ఉంటుంది. 1888లో న్యూ ఆర్లీన్స్‌లో కొట్టిన 'హాట్ లిప్స్' డాలర్ అలాంటి ఒక స్లాబులో చూశాను. బొమ్మ వైపు పెదవులు, ముక్కు, గడ్డం రెండుసార్లు పడి, లూప్ లేకుండానే కనిపిస్తాయి. కళ్లారా చూసినందుకు సంతోషమే, అయితే దాన్ని గుర్తుపట్టడానికి మనం అక్కర్లేదు, ఎవరో పట్టేశారు.

మన పని వెనక వరుసల్లో ఉంటుంది. చిన్న డీలర్లు పొడవాటి అట్టపెట్టెల్లో విడి నాణేలు, ఏడాదుల వారీగా కాగితపు కవర్లలో పెట్టి తెస్తారు. 26.73 గ్రాముల బరువు, 90 శాతం వెండి, అంటే ఒక్కోదాంట్లో 0.77 ట్రాయ్ ఔన్సు పైన వెండి. అరిగిన మామూలు డాలర్లకు ధర చాలావరకు వెండి రేటును బట్టే ఉంటుంది. అచ్చు తేడాలు చూసే తీరిక ఆ డీలర్లకు ఉండదు. నేను వెళ్లిన ఒక టేబుల్ దగ్గర పెద్దాయన ఒక కుర్చీ చూపించి, నల్ల వెల్వెట్ ప్యాడ్ వేసి, దీపం నా వైపు తిప్పి, "తొందరేం లేదు, నిదానంగా చూసుకోండి" అన్నారు. నా దృష్టిలో ఇంతకన్నా మంచి సర్వీసు ఆ హాల్లో లేదు. కొన్ని టేబుళ్ల దగ్గర లూప్ తీయగానే మొహం మాడ్చుకుంటారు. అక్కడ నిలబడి ప్రయోజనం లేదు, నమస్కారం పెట్టి ముందుకు కదలాలి.

ఆ పెద్దాయన పెట్టెలో నేను వెతికింది న్యూ ఆర్లీన్స్ నాణేలు, ముఖ్యంగా 1886, 1889, 1891. కారణం ఉంది. ప్రెస్సులో వెండి బిళ్ల పడకుండా పై అచ్చు దిగితే రెండు అచ్చులూ ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. బొమ్మ వైపు గీతలు బొరుసు అచ్చు మీద, బొరుసు గీతలు బొమ్మ అచ్చు మీద దిగబడతాయి. ఇది మోర్గాన్లలో తరచూ జరిగిందే. ఈ మూడు ఏళ్లలో మాత్రం గుద్దుకోవడం ఎంత బలంగా జరిగిందంటే, బొమ్మ వైపు ఉన్న స్వేచ్ఛా దేవి తలపట్టీ మీది 'లిబర్టీ' అనే మాటలోని 'ఇ' అక్షరం బొరుసు వైపుకు వెళ్లి, గద్ద తోక ఈకల కింద ఎడమ పక్కన కూర్చుంది. మూడూ వ్యామ్ 1ఏ గానే నమోదయ్యాయి, సేకరించేవాళ్లు వెతుక్కునే 'టాప్ 100' జాబితాలో ఉన్నాయి.

వెతికే పద్ధతి ఒకటి చెబుతా. ప్రతి నాణేన్నీ అంతా చూడబోతే కళ్లు అలిసిపోతాయి. ఏడాది చూసి, ఆ ఏడాదికి ముఖ్యమైన చోటు ఒక్కటే చూడాలి. 1891 అయితే తోక కింద, 1888 అయితే పెదవులు, 1900 న్యూ ఆర్లీన్స్ అయితే టంకశాల గుర్తు. ఆ చివరిదానికి కూడా కథ ఉంది. నెవాడాలోని కార్సన్ సిటీ టంకశాల 1893 తర్వాత నాణేలు కొట్టలేదు. మిగిలిపోయిన బొరుసు అచ్చుల్ని పారేయకుండా, కార్సన్ సిటీ గుర్తైన 'సీసీ' మీదే న్యూ ఆర్లీన్స్ గుర్తైన 'ఓ' కొట్టి 1900లో న్యూ ఆర్లీన్స్‌లో వాడారు. జాగ్రత్తగా చూస్తే 'ఓ' చుట్టూ సీసీ అవశేషాలు కనిపిస్తాయి.

పెట్టె సగం అయ్యేసరికి 1891 నాణెం ఒకటి, బాగా అరిగింది, తోక కింద మూడు అడ్డగీతల నీడ. దీపాన్ని పక్కకు వంచి నాణేన్ని తిప్పితే అక్షరం పూర్తిగా లేచింది. మూడింటిలో కాస్త ఎక్కువగా కనిపించేది ఇదేనని తెలుసు, అయినా చేతులు వణికాయి. మామూలు ధరకే ఇచ్చారు. డబ్బు చెల్లించాక ఆయనకు లూప్ ఇచ్చి చూపించాను. కొన్నవాళ్లు చెప్పాలన్న నియమం ఏమీ లేదు, తెలిసినవాడు ఏరుకోవడం ఈ రంగంలో ఒప్పుకున్న పద్ధతే. కానీ మనకు కుర్చీ వేసినాయనకు చెప్పకుండా లేవడం నాకు నచ్చదు. ఆయన చాలాసేపు చూసి, "ఈ పెట్టెను ఎన్నేళ్లుగా మోస్తున్నానో, ఈ అక్షరం నా కంట పడలేదు" అని, కింద నుంచి ఇంకో పెట్టె తీసి నా ముందు పెట్టారు.

ఆ రెండో పెట్టె చూస్తున్నప్పుడే పక్కన తెలుగు వినిపించింది. నేపర్‌విల్ నుంచి ఒకాయన, వాళ్ల అబ్బాయి. "ఏమండీ, తెలుగువారా?" అని పలకరించారు. అబ్బాయి నా చేతిలో నాణేలు చూసి, "అంకుల్, రెండూ ఒకేలా ఉన్నాయి కదా, రెండెందుకు?" అన్నాడు. రెండూ 1878 డాలర్లే. "గద్ద తోక ఈకలు లెక్కపెట్టు నాన్నా" అని లూప్ ఇచ్చాను. ఒకదాంట్లో ఎనిమిది, ఇంకోదాంట్లో ఏడు. మొదట ఎనిమిదితో మొదలుపెట్టి, ఆ ఏడాదిలోనే ఏడుకు మార్చారు. ఎనిమిది ఈకల అచ్చుల మీదే ఏడు ఈకలు కొట్టినవి కూడా ఉన్నాయి, వాటిలో పాత ఈకల కొనలు కింద నుంచి తొంగి చూస్తాయి. ఆ అబ్బాయి ఇక లూప్ వదలలేదు.

వాళ్ల నాన్నగారు, "మా ఇంట్లో తాతగారి నాటి వెండి రూపాయలు ఉండేవండీ, పట్టీలకు కరిగించేశారు" అన్నారు. ఆ మాటకు నేను చెప్పింది విని ఆయన ఆశ్చర్యపోయారు. 1918 నాటి పిట్‌మన్ చట్టం కింద అమెరికా 27 కోట్లకు పైగా వెండి డాలర్లను కరిగించింది. అందులో ఎక్కువ వెండిని బ్రిటన్‌కు అమ్మింది, అది భారతదేశంలో రూపాయల కొరత తీర్చడానికి వెళ్లింది. మన ఇళ్లలో తిరిగిన అప్పటి రూపాయల్లో కొన్నిట్లో ఉన్నది ఈ మోర్గాన్ డాలర్ల వెండే. అలా కరిగిపోయినవి పోగా మిగిలినవే ఇవాళ మనం లూప్ పెట్టి వెతుకుతున్నవి.

ఇక మిగతా సర్వీసులు. నాణెం అసలుదా కాదా, ఏ స్థితిలో ఉందో తేల్చి స్లాబులో మూసిచ్చే గ్రేడింగ్ సంస్థలు పెద్ద ప్రదర్శనల్లో అక్కడికక్కడే నాణేలు తీసుకుంటాయి. రద్దీ, తొందర, రుసుము మూడూ ఎక్కువే. ఎన్‌జీసీ, ఏఎన్‌ఏసీఎస్ లాంటివి అదనపు రుసుముతో వ్యామ్ నంబరు కూడా లేబుల్ మీద వేస్తాయి, ఆ పని ఇంటికొచ్చాక పోస్టులో పంపించుకోవడమే నయం. నాణేల పుస్తకాలు, ప్లాస్టిక్ కవర్లు అమ్మే టేబుళ్లు బాగున్నాయి. పాత వేలం కేటలాగులు చవగ్గా దొరుకుతాయి, వాటిలోని ఫోటోలు వ్యామ్ గుర్తింపుకు ఎంతో సాయం. ఉపన్యాసాలకు వెళ్లి కూర్చోండి, కాళ్లకూ కళ్లకూ విశ్రాంతి, తలకు మేత.

నకిలీల గురించి ఒక హెచ్చరిక. 1896, 1900, 1902 న్యూ ఆర్లీన్స్ డాలర్లలో చిన్న 'ఓ' గుర్తు ఉన్నవాటిని ఒకప్పుడు అరుదైన రకాలుగా ఎక్కువ ధరకు కొనేవాళ్లు. అవి పాతకాలపు నకిలీలని 2005లో పీసీజీఎస్ అనే గ్రేడింగ్ సంస్థ తేల్చింది. 1899లో చిన్న 'ఓ' మాత్రం అసలైనదే. ఏడాది సరిగ్గా గుర్తుపెట్టుకుని వెళ్లండి.

హాల్లో తిండి ఖరీదెక్కువ, శాకాహారులకు ఎంపిక తక్కువ. మా ఆవిడ కట్టిచ్చిన పులిహోర మధ్యాహ్నాలకు సరిపోయింది. నాణేలు ముట్టుకునే ముందు చేతులు శుభ్రంగా కడుక్కోవాలి, నూనె వేలిముద్ర వెండి మీద శాశ్వతంగా ఉండిపోతుంది. రాత్రికి పక్కనే పార్క్‌వే బ్యాంక్ పార్క్‌లో రెస్టారెంట్లు ఉన్నాయి. దోసె కావాలంటే డెవాన్ అవెన్యూకి కారులో వెళ్లాలి, కొన్న నాణేలు మాత్రం వెంట తీసుకెళ్లొద్దు. హాలు బయటికి రాగానే మెడలో బ్యాడ్జి తీసేయండి. తిరుగు ప్రయాణానికి ముందు రోజే పెట్రోలు నింపుకుని, దారిలో ఎక్కడా కారు వదలకుండా నేరుగా ఇంటికి చేరాలి.

వేరే ఊళ్లతో పోలిస్తే, జనవరిలో ఫ్లోరిడాలోని ఓర్లాండోలో అక్కడి నాణేల సేకర్తల సంఘం జరిపే 'ఫన్' ప్రదర్శన పరిమాణంలో దీనికి తీసిపోదు, చలికాలంలో వెచ్చగా ఉంటుంది. కన్వెన్షన్ సెంటర్ విశాలం మరీ ఎక్కువ, నడిచే దూరాలు పెద్దవి. బాల్టిమోర్ ప్రదర్శన హార్బర్ పక్కనే, హోటళ్లన్నీ నడక దూరంలోనే. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లకు నేను బాల్టిమోరే చెబుతాను, సాయంత్రం నీటి పక్కన తిరగొచ్చు. విడి డాలర్ల పెట్టెలు ఎక్కువగా చూడాలంటే రోజ్‌మాంట్‌కే నా ఓటు. అయితే ఈ ప్రదర్శన ఏటా ఒకే ఊళ్లో ఉండదు. 2023లో పిట్స్‌బర్గ్‌లో, 2025లో ఓక్లహోమా సిటీలో పెట్టారు. ఏ ఊరైనా బుధ, గురువారాల్లో వెళ్లండి. శనివారానికి చాలామంది డీలర్లు టేబుళ్లు సర్దేసుకుంటారు, ముందుగా ఖాళీ అయ్యేవి కూడా మనకు కావాల్సిన వెనక వరుసలే.