లీడర్‌షిప్ కోచ్ శిక్షణ: ఐసీఎఫ్ లెవెల్ 1 కోర్సుకి డబ్బు కట్టే ముందు

మన దగ్గర కోచింగ్ అంటే ఎంసెట్ కోచింగే. తెలిసినాయన చెప్తాడు, తెలియనివాళ్లు రాసుకుంటారు. లీడర్‌షిప్ కోచింగ్ అంటే మేనేజర్లు, డైరెక్టర్లు తమ సమస్యకి తామే దారి వెతుక్కునేలా ప్రశ్నలతో సాయపడటం. అందులో కోచ్ అసలు జవాబే చెప్పకూడదు. చేరినవాళ్లు తడబడేది ఇక్కడే.

ముందు లెక్కలు. ఐసీఎఫ్ అంటే ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్, కోచ్‌లకి గుర్తింపు ఇచ్చే సంస్థ. దాని సర్టిఫికెట్లలో తొలి మెట్టు ఏసీసీ (అసోసియేట్ సర్టిఫైడ్ కోచ్), లెవెల్ 1 కోర్సు దీనికే. ఏసీసీకి కనీసం 60 గంటల శిక్షణ, 10 గంటల మెంటర్ కోచింగ్ (అనుభవమున్న కోచ్ మీ కోచింగ్‌ని గమనించి దిద్దడం), 100 గంటల క్లయింట్ సెషన్లు కావాలి. ఆ 100లో 75 డబ్బు తీసుకుని చేసినవై ఉండాలి, క్లయింట్లు 8 మందికి తగ్గకూడదు. మెంటర్ కోచింగ్ కనీసం 3 నెలల మీద జరగాలి. కాబట్టి "నెలలో సర్టిఫికెట్" అనే ప్రకటనని పట్టించుకోనక్కర్లేదు.

కోర్సులో పనికొచ్చే భాగం థియరీ కాదు, ముగ్గురేసి కూర్చుని చేసే ప్రాక్టీసు: ఒకరు కోచ్, ఒకరు క్లయింట్, ఒకరు పరిశీలకులు. క్లయింట్ "టీమ్‌లో ఎవరూ బాధ్యత తీసుకోవట్లేదండీ" అంటారు. కోచ్ వెంటనే "ఒక్కొక్కరితో విడిగా మాట్లాడితే సరిపోతుంది కదా?" అంటారు. చివర్లో ప్రశ్నార్థకం ఉన్నా అది సలహానే. తెలుగులో ఈ "కదా"ని పట్టుకుంటే సగం పని అయినట్టే. "బాధ్యత తీసుకుంటే వాళ్లు ఏం చేస్తూ కనిపించాలి మీకు?" అని అడిగి, మనసులో ఏడు లెక్కపెట్టేదాకా నోరు మెదపకూడదు.

ఆ ఏడు అంకెలే కష్టం. మాస్టారు అడగ్గానే చెయ్యెత్తిన పిల్లకి మౌనం అంటే జవాబు రానట్టే. పెద్దవాళ్లని ప్రశ్నిస్తే ఎదురు మాటగా లెక్కేసే ఇంట్లో పెరిగినవాళ్లకి, తమకంటే వయసులో పెద్దయిన డైరెక్టర్‌ని "మీరు దేన్ని తప్పించుకుంటున్నారు?" అని అడగడానికి గొంతు పెగలదు. ఇంజనీర్లదేమో ఇంకో రోగం: వరసగా "ఎందుకు" అని తవ్వుతారు, క్లయింట్ సంజాయిషీలోకి దిగిపోతాడు. "ఏం చూసి అలా అనిపించింది?" అంటే అదే విషయం మెత్తగా బయటికొస్తుంది. అలాగని పెంపకమంతా అడ్డే అనలేం. ఉమ్మడి కుటుంబంలో పెరిగినవాళ్లు అనకుండా మింగేసిన మాటని ఇట్టే పసిగడతారు. కాకపోతే దాన్ని అడిగి తేల్చుకోకుండా తామే తీర్పు ఇచ్చేస్తారు.

గ్రో మోడల్ (లక్ష్యం, ఇప్పటి పరిస్థితి, దారులు, చేసే పని అనే వరసలో సెషన్ నడిపే పద్ధతి) ఒక పూటలో వచ్చేస్తుంది. దానికే రెండు వారాంతాలు పెట్టే కోర్సులకి మార్కులు తగ్గించాల్సిందే.

డబ్బు కట్టే ముందు ఒక్కటి అడగండి: నా సెషన్ రికార్డింగ్ ఎన్నిసార్లు విని, రాతపూర్వకంగా ఫీడ్‌బ్యాక్ ఇస్తారు? మూడుకి తక్కువైతే వేరేది చూసుకోవచ్చు. మెంటర్ గంటలు ఫీజులో కలిసున్నాయో లేదో కూడా కనుక్కోండి. లేకపోతే ఆ ఖర్చు తర్వాత విడిగా పడుతుంది. ఆ పది మెంటర్ గంటల్లో కనీసం 3 మీ ఒక్కరికే ఇవ్వాలి, మిగతావి గుంపులో చేసినా చెల్లుతాయి. క్లాసు ఇంగ్లీషులో నడిచినా, ప్రాక్టీసు కొంత తెలుగులో చేయండి. ఇంగ్లీషులో దాక్కున్న "కదా" అప్పుడే బయటపడుతుంది.