లా కాసా అసుల్: డ్యూయెట్టూ పాథోసూ ఒకే పాటలో

లా కాసా అసుల్‌ని అందరూ బ్యాండ్ అనే అంటారు గానీ అసలు అందులో ఉన్నది ఒక్కడే, స్పెయిన్‌లోని బార్సిలోనాకు చెందిన గియే మిల్కీవే. పాట రాసేదీ, ట్యూన్ కట్టేదీ, పాడేదీ, ప్రొడ్యూస్ చేసేదీ ఆయనే. 2000లో మొదటి మినీ ఆల్బమ్ వచ్చినప్పుడు మాత్రం బ్యాండ్ అంటూ ఐదుగురు అమ్మాయిలూ అబ్బాయిలూ నవ్వుతూ కనిపించారు. వాళ్లంతా నటులు. ఈయనేమో నేను వట్టి ప్రొడ్యూసర్‌ని అన్నట్టు వెనకాల ఉండిపోయాడు. తర్వాత ఆ ఐదుగురూ ఆండ్రాయిడ్లు, అంటే మనుషుల్లా కనిపించే రోబోలు, అనే కథ కూడా అల్లాడు, వాళ్లు తెర మీద వీడియోలో ఆడుతుంటే తను స్టేజి మీద హెల్మెట్ పెట్టుకుని పాడేవాడు. మొహం చూపించకుండా ఉండటానికి మనిషి ఎంత కష్టపడ్డాడో!

వారం రోజులు విని రివ్యూ రాసే సరుకు కాదు ఇది. నేను ఏళ్లుగా వింటున్నా, వంట చేసేటప్పుడు, బస్సులో, రాత్రి నిద్ర పట్టనప్పుడు. స్పానిష్ రాదు, లిరిక్స్ పక్కన పెట్టుకుని ఫోన్‌లో అర్థం చూసుకుంటూ ఒక్కో పాటా పట్టుకున్నాను, అలా చేస్తేనే ఈ సంగీతం సగం నుంచి పూర్తి అవుతుంది.

ఎందుకంటే, మన పాత సినిమాల్లో ఫస్టాఫ్‌లో హుషారుగా వచ్చిన ట్యూనే సెకండాఫ్‌లో నెమ్మదించి, వయొలిన్లు తగిలించుకుని పాథోస్ బిట్‌గా మళ్లీ వస్తుంది చూశారా, ఈయన ఆ రెండింటినీ వేరు చెయ్యడు. కింద డిస్కో బీట్ పరుగెడుతుంటుంది, సింథసైజర్లు మెరుస్తుంటాయి, కోరస్‌లో గొంతు మీద గొంతు పేర్చి ఉంటుంది, పైన మాటల్లో మాత్రం ఎవరో కుమిలిపోతుంటారు. 2007 ఆల్బమ్ 'లా రెవొలుసియోన్ సెక్సువాల్' (లైంగిక విప్లవం అని) టైటిల్ పాటే తీసుకోండి. పేరు చూసి ఏదో అల్లరి పాట అనుకుంటాం. మొదలయ్యేదేమో తన బతుక్కి విలువే లేదని తేల్చేసుకున్న ఒక మనిషిని పిలుస్తూ, ఇవాళే విప్లవం మొదలు అని. ఆ పిలుపు నెమ్మదిగా, జాలిగా ఉండి ఉంటే నేను రెండోసారి వినేవాణ్ణి కాదు. ఓదార్చడానికి వచ్చినవాడు పక్కన కూర్చుని ఏడవకుండా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లిపోతాడు, అందుకే మనసు బాగాలేనప్పుడు కూడా ఇది వినగలం.

ఈ పాటతోనే 2008లో యూరోవిజన్‌కి, అంటే ఏటా దేశాల మధ్య జరిగే యూరప్ పాటల పోటీకి, స్పెయిన్ జరిపిన ఎంపిక పోటీకి వెళ్లి మూడో స్థానంలో ఆగిపోయాడు. గెలిచింది చేతిలో బొమ్మ గిటారు పట్టుకున్న ఒక కామెడీ పాత్ర. జనం ఓట్లేస్తే అంతే మరి, ఎక్కడైనా. కానీ 2010లో గోయా అవార్డు వచ్చింది, అంటే స్పెయిన్ సినిమాల్లో అతి పెద్ద పురస్కారం. డౌన్ సిండ్రోమ్ ఉన్న ఒక పట్టభద్రుడు తోటి ఉద్యోగినిని ప్రేమించే సినిమాకి రాసిన 'యో తంబియెన్' పాటకి.

కొత్తగా వినేవాళ్లు 2011 నాటి 'లా పొలినేసియా మెరిదియొనాల్' ఆల్బమ్ నుంచి మొదలుపెట్టండి. నా లెక్కలో అదే బెస్ట్. ట్యూన్ చెవికెక్కడానికి ఒక్కసారి చాలు, విసుగు రావడానికి మాత్రం నాకింకా టైమ్ పట్టేలా ఉంది. దాని తర్వాతిది, 'లా గ్రాన్ ఎస్ఫెరా', 2019లో గానీ రాలేదు. ఎనిమిదేళ్లు! ఒక్కడే అన్నీ చేసుకుంటే ఇంతే. అందులో ఎలక్ట్రానిక్ శబ్దాల వాటా బాగా పెరిగింది, గొంతు చాలాచోట్ల మెషీన్‌లోంచి వస్తున్నట్టుంటుంది, విషాదం కూడా ముందుకన్నా బాహాటంగా ఉంటుంది. ఒక పాట పేరే శాశ్వత ప్రేమకి ముగింపు అని! నాకు నచ్చింది గానీ 2011 ఆల్బమ్‌కి అలవాటుపడ్డ నా ఫ్రెండ్ ఒకడు రెండు పాటలకే తీసేశాడు, వాడి బాధ నాకు అర్థమైంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ప్రతి పాటలో ఖాళీ అన్నదే ఉండదు, ఎక్కడ చోటు దొరికితే అక్కడ ఏదో ఒక శబ్దం కూరేస్తాడు. ఆల్బమ్ మొత్తం ఒకే ఊపులో వినాలంటే సగానికే చెవులు అలసిపోతాయి, చవక ఇయర్‌ఫోన్లలో అయితే ట్రెబుల్, అంటే ఆ కీచుమనే పై శబ్దాలు, గుచ్చుకుంటుంది. మొదట్లో వచ్చిన రికార్డులు మరీ తియ్యన, నాకు కొంచెం మొహం మొత్తేస్తాయి, వాటిని చివరికి ఉంచుకోండి.

ఇంకొకటి, ఈయన మొదటి నుంచీ ఎలెఫాంట్ అనే స్పెయిన్ ఇండిపెండెంట్ లేబుల్‌తోనే, అంటే పెద్ద కంపెనీల కింద లేని మ్యూజిక్ కంపెనీతోనే, ఉన్నాడు. 1989 నుంచి నడుస్తున్న లేబుల్, రంగురంగుల వినైల్ రికార్డులకి పేరు. వినైల్ ప్లేయర్ ఉన్నవాళ్లు కొనుక్కోవచ్చు. నాకు లేదు, ఫోన్‌లో ఈక్వలైజర్‌లో ట్రెబుల్ రెండు గీతలు తగ్గించి వింటాను, సరిపోతోంది.